పని చేస్తే పింఛను పోతుందా?

వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల పునఃపరిశీలన మాట వచ్చినప్పుడల్లా ఊళ్లలో ఒకే ప్రశ్న లేస్తుంది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వికలాంగుల పింఛన్లను మళ్లీ పరీక్షకు పెట్టి, నోటీసులిచ్చి, నిరసనలు రేగాక అప్పీలుకు వీలు కల్పించినప్పుడు కూడా అదే ప్రశ్న. పని చేసుకోగలిగినవాళ్లకు పింఛను దేనికని ఒక పక్షం అడుగుతుంది. పనే దొరకని చోట పింఛను తీసేస్తే ఎట్లా బతకాలని రెండో పక్షం నిలదీస్తుంది. పైకి ఎదురెదురుగా కనిపించే ఈ రెండు పక్షాలూ ఒక విషయాన్ని ముందే ఒప్పేసుకున్నాయి: పింఛను తీసుకునే మనిషి పని చేయడు, పని చేసే మనిషికి పింఛను అక్కర్లేదు. శ్రీ సత్యసాయి జిల్లాలోని హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల ఆర్థిక జీవితాన్ని దగ్గరగా చూస్తే ఈ ఒప్పుకోలు ఎంత తప్పో, అది వికలాంగులకు ఎంత నష్టం చేస్తోందో తెలుస్తుంది.

ముందు పింఛను సంగతి. 2024 జూలై నుంచి రాష్ట్రంలో వికలాంగుల పింఛను నెలకు 3 వేల నుంచి 6 వేల రూపాయలకు పెరిగింది. పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15 వేలు ఇస్తున్నారు. దేశంలో చాలా రాష్ట్రాలు ఇచ్చేదానికంటే ఇది మెరుగు. దీన్ని దానధర్మంగా చూడకూడదు. వైకల్యం ఉన్న మనిషి బతకడానికే ఖర్చు ఎక్కువ. అందరూ బస్సెక్కే చోట అతను ఆటో మాట్లాడుకోవాలి. ఆస్పత్రికి వెళ్తే తోడు వచ్చినవాళ్ల ఒకరోజు కూలి కూడా పోతుంది. కాలిపర్స్, వినికిడి యంత్రం, మందులు దీనికి అదనం. ఉద్యోగం వచ్చినంత మాత్రాన ఈ ఖర్చులు ఆగవు. రోజూ బయటికి వెళ్లాల్సి రావడంతో పెరుగుతాయి కూడా. పింఛను ఆ అదనపు ఖర్చుకు సమాజం కట్టే వాటా అనుకుంటే, పని దొరికిన రోజున దాన్ని తీసేయడంలో అర్థం కనిపించదు.

అయితే మన నిబంధనలు ఆ దృష్టితో రాసినవి కావు. సంక్షేమ పథకాలకు 2019 తర్వాత ఖరారు చేసిన అర్హతల్లో కుటుంబ ఆదాయం గ్రామాల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు దాటకూడదన్నది ఒకటి. ఒక ఇంటి లెక్క వేద్దాం. తండ్రి కూలి నెలకు 6 వేలు. పోలియో వచ్చిన కూతురికి 6 వేల పింఛను. ఆ అమ్మాయి 10 వేల జీతానికి గార్మెంట్ ఫ్యాక్టరీలో చేరితే కుటుంబ ఆదాయం 16 వేలకు చేరి పరిమితి దాటుతుంది. పింఛను పోతే ఆమె నెలంతా పడిన కష్టానికి ఇంట్లోకి అదనంగా వచ్చేది 4 వేలు. దారిఖర్చులు తీస్తే అంత కూడా ఉండదు. పైగా ఫ్యాక్టరీ ఉద్యోగం ఎప్పుడు ఊడుతుందో తెలియదు, ఒకసారి రద్దయిన పింఛను మళ్లీ ఎప్పుడు వస్తుందో అంతకన్నా తెలియదు. ఆ తల్లిదండ్రులు ‘వద్దులేమ్మా, ఇంటి పట్టునే ఉండు’ అంటే వాళ్లను సోమరులని ఎవరనగలరు? వాళ్లు లెక్క సరిగానే వేశారు. పీఎఫ్, ఈఎస్‌ఐ పడే ఉద్యోగాన్ని వదులుకుని, ఎవరి లెక్కలోకీ రాని చేతిపనికి పరిమితం కావాలని మన నియమాలే వాళ్లకు చెబుతున్నాయి.

ఇతర దేశాలు ఈ చిక్కు ముడిని విప్పే ప్రయత్నం చేశాయి. అమెరికాలో ఎస్‌ఎస్‌ఐ అనే పింఛను తీసుకునేవారు సంపాదించే నెల జీతంలో మొదటి 65 డాలర్లను లెక్కలోకి తీసుకోరు. ఆపైన సంపాదించే ప్రతి రెండు డాలర్లకు ఒక డాలరు చొప్పున మాత్రమే పింఛను తగ్గిస్తారు. ఎంత పని చేస్తే అంత లాభం మిగులుతుంది. బ్రెజిల్ అనుభవం మనకు ఇంకా దగ్గరిది. అక్కడి పేద వికలాంగుల భృతిని ఉద్యోగంలో చేరగానే రద్దు చేసేవారు. 2011లో చట్టం మార్చి రద్దుకు బదులు నిలుపుదల అన్నారు. ఉద్యోగం పోతే భృతి మళ్లీ మొదలవుతుంది. 2021 నుంచి మరో అడుగు వేసి, భృతి వదిలి ఉద్యోగంలో చేరినవారికి కనీస వేతనంలో సగం మొత్తాన్ని ప్రోత్సాహంగా ఇస్తున్నారు. అది మనకంటే ధనిక దేశమే కావచ్చు, కానీ రద్దుకు బదులు నిలిపి ఉంచడానికి ఖజానా నుంచి కోట్లు తీయనక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

ఇక పర్సెంటేజీ. సదరం శిబిరంలో డాక్టరు కొలిచేది ఒక కాలో చెవో కన్నో ఎంత మేర దెబ్బతిన్నదన్న విషయాన్ని. 40 శాతమో అంతకంటే ఎక్కువో ఉంటే పింఛనుకు అర్హత, లేదంటే లేదు. ఆ అంకె మనిషి ఏ పని చేయగలడో చెప్పదు. కూర్చుని చేసే పనిలో 80 శాతం కాలి వైకల్యం అడ్డు కాకపోవచ్చు. 35 శాతమే ఉన్నా నిలబడి చేసే పని కుదరకపోవచ్చు. దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది. అంతకు ముందు దశాబ్దాల్లో పోలియో బారిన పడిన పిల్లలు ఇప్పుడు నడివయసులో, కుటుంబ భారం మోసే ఈడులో ఉన్నారు. శ్రీ సత్యసాయి తాగునీటి పథకం 1990ల మధ్యలో వచ్చేదాకా పూర్వ అనంతపురం జిల్లాలో ఎన్నో గ్రామాలు ఫ్లోరైడ్ బోరు నీళ్లే తాగాయి. ఆ నీళ్లు కొందరి ఎముకలను బిగదీశాయి. వీళ్లలో ఎవరికి ఏ పని సరిపోతుందో తేల్చే మదింపు సదరం శిబిరాల్లో జరగడం లేదు. అనుమానంతో చేసే తనిఖీ మాత్రం మళ్లీ మళ్లీ జరుగుతోంది. వైకల్యానికి తగిన సర్దుబాటు పొందే హక్కు 40 శాతం గీతకు కట్టుబడి ఉండదని వికాస్ కుమార్ కేసులో 2021లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ధర్మవరంలో ఇదే ప్రశ్న ఇంకో రూపం తీసుకుంటుంది. ఇక్కడి వికలాంగుల్లో చాలామంది ‘పని లేనివాళ్లు’ కారు, పనికి కూలి లేనివాళ్లు. పట్టుచీర మగ్గం మీదికి వచ్చేలోపు, వచ్చాక కూడా దాని చుట్టూ పది రకాల పనులుంటాయి. రంగు అద్దిన పట్టును ఆసు పోయాలి, పడుగు సిద్ధం చేయాలి, పాత పడుగు అయిపోతే వేల పోగులను ఒక్కొక్కటిగా కొత్తదానికి అతకాలి, రాట్నం మీద కండెలు చుట్టాలి. మగ్గం మీద కూర్చున్న మనిషి చెయ్యి ఆగకుండా ఉండాలంటే పక్కన కండెలు సిద్ధంగా ఉండాల్సిందే. నేతన్నల ఇళ్లలో ఈ కూర్చుని చేసే పని ఆడవాళ్లకు, ముసలివాళ్లకు, నడవలేని మనిషికి వస్తుంది. చీర అమ్మితే కూలి మగ్గం వేసిన మనిషి పేరున వస్తుంది. కండెలు చుట్టిన చేతికి వేరే లెక్క ఉండదు.

ప్రభుత్వం కూడా అదే అలవాటును ఖాయం చేసింది. 2019 డిసెంబరులో మొదలైన నేతన్న నేస్తం పథకం ఏడాదికి 24 వేల రూపాయలు సొంత మగ్గం ఉన్నవారికే ఇచ్చింది. అనుబంధ పనివాళ్లు అందులో లేరు. లెక్కలకు అందని మనుషులని సాకు చెప్పడానికి వీల్లేదు. 2019-20లో జరిగిన నాలుగో అఖిల భారత చేనేత గణన దేశంలో 26.73 లక్షల మంది నేత పనివారినీ, వారితో పాటు 8.48 లక్షల మంది అనుబంధ పనివారినీ విడిగా లెక్కించింది. 2011 జనాభా లెక్కల్లో దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులు తేలగా, వారిలో ఏదో ఒక పనిలో ఉన్నవారు 36 శాతం. స్త్రీలలో అది 23 శాతం లోపే. మగ్గం పక్కన రాట్నం తిప్పే వికలాంగ మహిళను ఎన్యూమరేటర్ ఏ గడిలో రాసి ఉంటాడు? ‘ఇంటి పని’ అని రాసి ఉంటాడనే నా అనుమానం. అనుబంధ పనివారికి గుర్తింపు కార్డు ఇచ్చి, కండెకింత, పడుగు అతికినందుకింత అని కూలి రేటును సహకార సంఘాలు, మాస్టర్ వీవర్లు కలిసి నిర్ణయించి, ఆ డబ్బు ఆ మనిషి ఖాతాలోనే పడేలా చూస్తే కొత్త ఉద్యోగం ఒక్కటీ సృష్టించకుండానే ఎంతో మంది కార్మికులవుతారు. జకార్డును ఎత్తే మోటారు యంత్రాలు వచ్చాక కాలితో బలంగా తొక్కాల్సిన శ్రమ తగ్గింది. కాళ్లలో సత్తువ లేని మనిషి కూడా మగ్గం మీద కూర్చోవడానికి ఇదొక దారి. ఆ యంత్రాల రాయితీల్లో వికలాంగులకు ముందు వరుస ఇవ్వాలి. ధర్మవరం మండలంలోనిదే నిమ్మలకుంట. తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ తెచ్చిన ఊరు. తోలు మీద చిల్లులు కొట్టడం, రంగులు దిద్దడం కూడా కూర్చుని నేర్చుకోగల విద్యలే.

పెనుకొండ కథ వేరు. ఎర్రమంచి దగ్గర కియా కార్ల కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యం ఉన్న ఆ ప్లాంటు చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. కరవు సీమకు ఇంత పెద్ద పరిశ్రమ వచ్చినప్పుడు స్థానికులకెన్ని ఉద్యోగాలు అన్నది పెద్ద చర్చ అయింది. ఆ చర్చలో వికలాంగుల పేరు వినిపించిన గుర్తు లేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. ప్రైవేటు రంగానికి మాత్రం కోటా పెట్టలేదు. సిబ్బందిలో కనీసం 5 శాతం వికలాంగులు ఉండేలా యజమానులకు ప్రోత్సాహకాలు ఇవ్వాలని, అదీ ప్రభుత్వ ఆర్థిక స్తోమతకు లోబడి, అని 35వ సెక్షన్ ఊరుకుంది. 2008లోనే కేంద్రం తెచ్చిన పథకం ఒకటుంది: నెలకు 25 వేల లోపు జీతమున్న వికలాంగ ఉద్యోగి తరఫున యజమాని కట్టాల్సిన పీఎఫ్, ఈఎస్‌ఐ వాటాను కొన్నేళ్లపాటు ప్రభుత్వమే భరించేలా దాన్ని రూపొందించారు. చిన్న కంపెనీలు దాన్ని వాడుకున్న దాఖలాలు అరుదు. రాయితీ స్వల్పం, కాగితాల పని ఎక్కువ.

అయినా చట్టంలో ఒక మెలిక ఉంది, దాన్ని మనం గట్టిగా పట్టుకోవడం లేదు. 20 మంది, అంతకు మించి పనిచేసే ప్రతి ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల విధానాన్ని ప్రకటించాలి. వికలాంగులు చేయగల పోస్టులేవో అందులో గుర్తించాలి, ఒక అనుసంధాన అధికారిని నియమించాలి. చట్టం ఉల్లంఘిస్తే మొదటిసారి 10 వేల వరకు, ఆ తర్వాత 50 వేల నుంచి 5 లక్షల వరకు జరిమానా ఉంది. పెనుకొండ, తూముకుంట, గొల్లాపురం పారిశ్రామికవాడల్లో ఎన్ని సంస్థలు ఈ విధానాన్ని ప్రకటించాయో కలెక్టరు ఒక్క సమావేశం పెట్టి అడగవచ్చు. భూమి, నీరు, కరెంటు, పన్ను రాయితీలు ప్రభుత్వం దగ్గర తీసుకునే పరిశ్రమల ఒప్పందాల్లో వికలాంగుల నియామకాన్ని షరతుగా రాయడానికి ఏ కొత్త చట్టమూ అక్కర్లేదు. అసెంబ్లీ లైన్ వేగాన్ని ఆపలేమన్నది కంపెనీల వాదన, అందులో కొంత నిజం ఉంది. కానీ కార్ల పరిశ్రమ అంటే లైన్ ఒక్కటే కాదు. విడిభాగాల నాణ్యత పరీక్ష, కిట్ల అమరిక, స్టోర్లు, లెక్కలు, క్యాంటీన్ కూడా అందులో భాగమే.

కోటా పెడితే సరిపోతుందా అన్నదానికి జర్మనీ, జపాన్ రెండు రకాల జవాబులిస్తాయి. 20 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో 5 శాతం కోటా జర్మనీలో ఉంది, నింపని ఒక్కో ఖాళీకి నెల లెక్కన రుసుము కట్టాలి. జపాన్ 2024 ఏప్రిల్ నుంచి కోటాను 2.5 శాతానికి పెంచింది. వందమందికి మించిన సంస్థలు ఒక్కో ఖాళీకి నెలకు 50 వేల యెన్‌లు కట్టాలి. అయినా సుమారు సగం సంస్థలు లక్ష్యం అందుకోవడం లేదు. రుసుము కట్టి చేతులు దులుపుకోవడం వాటికి సులువు. జర్మనీలో మరో సమస్య: 3 లక్షల మంది దాకా ప్రత్యేక వర్క్‌షాపుల్లో పనిచేస్తారు, నెలకు చేతికొచ్చేది రెండు వందల యూరోలకు కాస్త పైన. ప్రభుత్వ భృతి విడిగా వస్తుంది కాబట్టి ఆకలి లేదు, కానీ అక్కడి నుంచి మామూలు ఉద్యోగానికి వెళ్లేవారు నూటికి ఒక్కరు కూడా కష్టమే. మన దగ్గర వికలాంగుల కోసమే విడిగా కార్ఖానాలు పెట్టాలనే సూచన వచ్చినప్పుడల్లా ఈ అనుభవం గుర్తుంచుకోవాలి.

జపాన్‌లో నేర్చుకోదగింది కోటా కంటే కవాసాకిలోని ఒక సుద్దముక్కల ఫ్యాక్టరీ దగ్గర ఉంది. నిహాన్ రికగాకు అనే ఆ కంపెనీ 1960లో మేధో వైకల్యం ఉన్న ఇద్దరు అమ్మాయిలను పనిలోకి తీసుకుంది. నేడు దాని సిబ్బందిలో 70 శాతానికి పైగా అలాంటివారే. అంకెలు చదవలేనివారు పదార్థాలు తూచాలి కదా? ఎర్ర డబ్బాలోది ఎర్ర తూకపు రాయితో, నీలి డబ్బాలోది నీలి రాయితో తూచేలా రంగులు పెట్టారు. గడియారం చూడటం రానివారికి ఇసుక గడియారం ఇచ్చారు, ఇసుక జారిపోతే కలపడం ఆపాలి. మనిషిని మార్చడానికి తంటాలు పడకుండా పనిని మార్చారు.

హిందూపురంలో ఇలా మార్చుకోగల పనులు కావాల్సినన్ని ఉన్నాయి. చింతపండు, బెల్లం, మిరప మార్కెట్, పట్టుగూళ్ల మార్కెట్, రీలింగ్, గార్మెంట్ యూనిట్లు ఈ ఊరి జీవనాడి. చింతకాయ పెంకు కొట్టి, ఈనెలు లాగి, గింజ తీసే పని సీజన్‌లో ఇంటింటా కనిపిస్తుంది. పట్టుగూళ్లలో మంచివీ చెడ్డవీ ఏరడం, మిరప తొడిమలు తీయడం, దుస్తులకు గుండీలు కుట్టడం, దారాలు కత్తిరించడం, మడత పెట్టడం కూడా అలాంటి పనులే. బెంగళూరు గార్మెంట్ పరిశ్రమ వినికిడి లోపమున్న కుట్టు కార్మికులను ఏళ్ల తరబడి తీసుకుంటోంది. అక్కడ వాళ్లు నిలదొక్కుకున్నది సూపర్‌వైజర్లు నాలుగు సైగలు నేర్చుకున్న చోట, ప్రమాద సూచనకు సైరన్‌తో పాటు లైటు కూడా పెట్టిన చోట. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లే. మొదటి కొన్ని నెలలు కార్మికుడి పక్కన నిలబడి, అటు యజమానికీ ఇటు కుటుంబానికీ ధైర్యం చెప్పే జాబ్ కోచ్ అనే మనిషి మన దగ్గర లేడు. జిల్లా నైపుణ్య శిక్షణ బడ్జెట్‌లో ఒక్కో పట్టణానికి ఇద్దరు కోచ్‌ల జీతం పెద్ద భారం కాదు. సర్టిఫికెట్ ఇచ్చి పంపేసే మూణ్నెల్ల కోర్సుల కంటే ఇది ఎక్కువ ఫలితమిస్తుంది.

మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం ఉన్నవారి సంగతి ఇంకా కష్టం. మండలాల్లోని భవిత కేంద్రాలు పిల్లలకు కొంత అండగా ఉన్నాయి. పద్దెనిమిదేళ్లు దాటాక వాళ్లు ఇంటి అరుగు మీదికి చేరతారు. ఇలాంటి పెద్దవారికి ఇటలీ ఒక దారి చూపింది. అక్కడి త్రియెస్తె మానసిక వైద్యశాలలో రోగులు ఊడవడం, వంట చేయడం, బట్టలుతకడం చికిత్స పేరుతో ఉచితంగా చేసేవారు. 1970ల మొదట్లో డాక్టర్ ఫ్రాంకో బజాలియా ఆ రోగులతోనే సహకార సంఘం పెట్టించి, అదే పనికి ఒప్పందం రాయించి, యూనియన్ రేటు ప్రకారం కూలి ఇప్పించారు. 1991లో ఇటలీ చట్టమే తెచ్చింది: కార్మికుల్లో కనీసం 30 శాతం ఇలాంటివారున్న సామాజిక సహకార సంఘాలకు బీమా చందాల మినహాయింపు ఉంటుంది, మునిసిపాలిటీలు చిన్న పనులను టెండరు లేకుండా నేరుగా వాటికి ఇవ్వవచ్చు. మన మునిసిపాలిటీలు పార్కుల నిర్వహణ, నర్సరీలు, ఆస్పత్రి దుప్పట్ల ఉతుకుడు, ఆఫీసు ఫైళ్ల డిజిటైజేషన్ వంటివి కాంట్రాక్టర్లకే ఇస్తున్నాయి. అందులో ఒక వాటాను వికలాంగుల సంఘాలకు కేటాయించవచ్చు.

సంఘం కట్టడం ఈ నేలకు కొత్త కాదు. 2000లో వెలుగు అనే పేదరిక నిర్మూలన పథకం మొదలైన ఆరు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఆ పథకం కిందే వికలాంగులు పొదుపు సంఘాలుగా, మండల సమాఖ్యలుగా ఏర్పడ్డారు. 1969 నుంచి ఇక్కడ పనిచేస్తున్న ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థ ప్రత్యేక పాఠశాలలు, వికలాంగ మహిళల చేతివృత్తుల కేంద్రాలు నడిపింది. ఉపాధి హామీ 2006లో మొదలైంది ఈ ప్రాంతపు బండ్లపల్లిలోనే. ఆ పథకంలో ఉమ్మడి రాష్ట్రం వికలాంగులకు విడిగా శ్రమశక్తి సంఘాలు కట్టి పని కొలతల్లో సడలింపు ఇచ్చింది. తక్కువ పని చేసినా పూర్తి కూలి ఇవ్వవచ్చని, అలా ఇస్తే లోకం తలకిందులు కాదని నిరూపించిన ఏర్పాటు అది.

జీతం వచ్చే పని అందరికీ ఒకేసారి దొరకదు. అందుకే స్వచ్ఛంద సేవ సంగతి కూడా మాట్లాడాలి. పుట్టపర్తి ఉన్న జిల్లా ఇది, సేవ అంటే ఏమిటో ఈ మట్టికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ డిసెంబరు 3న వికలాంగుల దినోత్సవం నాడు వేదిక మీద మూడు చక్రాల బండ్లు ఇచ్చేవాళ్లు ఒకవైపు, పుచ్చుకునేవాళ్లు ఒకవైపు ఉంటారు. వికలాంగులు ఎప్పుడూ పుచ్చుకునే వైపే. ఒక మనిషి తన అవసరం ఇతరులకు ఉందని తెలుసుకోవడం జీతమంత విలువైనది. ఇంట్లో ఏళ్ల తరబడి కూర్చున్నవారికి రోజూ ఒక వేళకు బయల్దేరే అలవాటు, నలుగురితో పరిచయం, చెప్పుకోవడానికి అనుభవం సేవ ద్వారా వస్తాయి. బ్రిటన్‌లో భృతి తీసుకునేవారు స్వచ్ఛంద సేవ చేస్తే భృతి తగ్గదు, దారిఖర్చులు ఇస్తే ఆదాయంగా లెక్కించరు. ఇక్కడ ఎవరైనా బడిలో సాయంత్రం చదువు చెబుతూ కనిపిస్తే ‘బాగానే ఉన్నాడే, పింఛనెందుకు?’ అనే మాట వస్తుందేమోనన్న భయం. పింఛనుదారు చేసే సేవ పునఃపరిశీలనలో ఆయనకు వ్యతిరేక సాక్ష్యం కాదని ఒక సర్క్యులర్ ఇస్తే ఆ భయం తీరుతుంది.

అదే సమయంలో ఒక హద్దు గీయాలి. సేవ పేరుతో ఉచిత చాకిరీ చేయించుకోవడం మన దగ్గర చాలా తేలిక. 2019లో 50 ఇళ్లకొకరు చొప్పున నెలకు 5 వేల గౌరవ వేతనంతో వాలంటీర్లను పెట్టి ప్రభుత్వ ఉద్యోగుల స్థాయి పని చేయించుకున్న అనుభవం రాష్ట్రానికి ఉంది. మరొకరికి జీతమిచ్చి చేయించే పనిని వికలాంగులతో సేవగా చేయించకూడదు. అలాగే మరెవరూ చేయలేని పనిని వాళ్లే చేయగలిగితే దానికి ఫీజు ఇవ్వాలి. భవనాల అందుబాటు తనిఖీ అలాంటి పనే. 2015లో మొదలైన సుగమ్య భారత్ అభియాన్ తర్వాత కూడా ర్యాంపు ఉండి పట్టుకోవడానికి కమ్మీ లేని కార్యాలయాలు, చక్రాల కుర్చీ తలుపులో పట్టని మరుగుదొడ్లు ఎన్నో. అందుబాటు ప్రమాణాలను ఐచ్ఛిక మార్గదర్శకాలుగా వదిలేయడం చెల్లదని, తప్పనిసరి నియమాలు రూపొందించాలని రాజీవ్ రాతూరి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. హిందూపురం బస్టాండు, పెనుకొండ సబ్ కలెక్టరేట్, ధర్మవరం ఆస్పత్రి, ప్రతి సచివాలయం ఎవరికి ఎంత అందుబాటులో ఉందో చెప్పగలిగేది చక్రాల కుర్చీలో వచ్చే మనిషి, తెల్లకర్ర పట్టుకున్న మనిషి. ఇంజినీరు సంతకానికి ముందు వాళ్ల సంతకం ఉండాలి, ఆ సంతకానికి రుసుము ఉండాలి, బిల్లు చెల్లింపు దానికి ముడిపడాలి.

జిల్లా యంత్రాంగం స్థాయిలోనే వచ్చే ఏడాది లోపు చేయగలిగినవి ఇందులో చాలా ఉన్నాయి. రాష్ట్రం చేయాల్సింది ముఖ్యంగా పింఛను నిబంధనల సవరణ. వికలాంగుల సొంత సంపాదనను కుటుంబ ఆదాయ పరిమితి లెక్కలోంచి తీసేయాలి. కనీస వేతనం దాకా సంపాదించినా పింఛను తాకకూడదు, ఆపైన ప్రతి రెండు రూపాయలకు ఒక రూపాయి చొప్పున తగ్గాలి. ఉద్యోగం పోయిన మరుసటి నెల ఒకటో తేదీన, మళ్లీ సదరం క్యూలో నిలబడకుండా, పింఛను తిరిగి ఇంటికి రావాలి.